గోడకు నాలుగు వేళ్ల దూరం

పుస్తకాల అర అందంగా సర్దుకోవాలని మీకు ఎప్పటినుంచో ఉంది. ఫోన్‌లో బోలెడు ఫొటోలు చూశారు. తెల్లటి గోడ, గోడనిండా అరలు, రంగుల వారీగా నిలబెట్టిన పుస్తకాలు, మధ్యలో ఓ మనీప్లాంట్ కుండీ. అచ్చం అలాగే చేయించారు. జూన్‌లో వానలు పట్టుకున్నాయి. ఆగస్టుకల్లా కింది అరలో పుస్తకాల అట్టలమీద బూడిదరంగు చుక్కలు తేలాయి. సెప్టెంబరులో ఒక పుస్తకం లాగితే పక్కది కూడా అంటుకుని వచ్చింది. అవునా?

తప్పు మీ అభిరుచిది కాదు. ఆ ఫొటోలు తీసిన గదిలో ఏసీ ఉంది, హీటరు ఉంది. మీరున్నది అరకులో, పాడేరులో, అనంతగిరి ఘాట్‌రోడ్డు పక్కన. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, మబ్బు కిటికీలోంచి ఇంట్లోకి నడిచొచ్చే చోట. వాన అక్టోబరుదాకా వదలదు. వదిలాక పొగమంచు మొదలవుతుంది. మైదానంలో పుస్తకాలకు దుమ్ము శత్రువు, ఇక్కడ చెమ్మ. అందుకని మన్యంలో అర సర్దడం మొదలుపెట్టేటప్పుడు ‘ఎలా కనిపిస్తుంది’ అన్న ప్రశ్న రెండోది. ‘గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుంది’ అన్నది మొదటిది. చిత్రమేమిటంటే, ఈ మొదటి ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పుకున్న అర, రెండోదానికి సగం జవాబు తనే చెప్పేస్తుంది.

ఆశ్రమ పాఠశాల క్వార్టర్‌లో ఉంటున్న టీచరు కావచ్చు, రెండు గదులు హోమ్‌స్టేకి ఇచ్చిన ఇంటివాళ్లు కావచ్చు, డీఎస్సీ గైడ్లూ కథల పుస్తకాలూ ఒకే బల్లమీద పోగేసుకున్న అమ్మాయి కావచ్చు. వరసగా ఈ పనులు చేసుకురండి.

1. ముందు గోడను ఎంచుకోండి

అర కొన్న తర్వాత గోడ వెతకడం చాలా ఇళ్లలో జరిగేదే. మీరు తిరగేసి చేయండి. వాన ఏ గోడను కొడుతుందో మీకు తెలుసు, ఆ గోడ వద్దు. బాత్రూమ్ అవతల ఉన్న గోడ అసలే వద్దు. మిగిలిన వాటిలో ఏది పొడిగా ఉంటుందో కనిపెట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న పాలిథిన్ ముక్కను గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. ముక్కకు గోడవైపు నీటి చుక్కలు పట్టాయా? చెమ్మ గోడలోంచే వస్తోంది, అక్కడ పుస్తకాలు పెట్టకండి. మీవైపు చుక్కలు పట్టాయా? గదిలో గాలే చెమ్మగా ఉంది, కిటికీ తీస్తే కొంత దారికొస్తుంది.

కొండమీది పాత ఇళ్లను చూసే ఉంటారు. పొయ్యి పైన అటక, అటకమీద విత్తనాలు, ధాన్యం. ఇంట్లో అన్నిటికన్నా పొడిగా ఉండే చోటు అదేనని ఆ ఇల్లు కట్టినవాళ్లకు తెలుసు. పుస్తకాలను అటకెక్కించమని నేననడం లేదు, పొగకు మసిబారిపోతాయి. కానీ వంటింటి గోడకు ఇవతలి ముఖం ఉంది చూశారూ, పొయ్యి వేడి తగిలే ఆ గోడ, అది పుస్తకాల గోడ. ఇంట్లో అంతకు మించిన జాగా దొరకదు.

2. గోడకూ అరకూ మధ్య సందు వదలండి

మొత్తం అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. అర వెనక నాలుగు వేళ్లు దూరేంత సందు ఉండాలి. వడ్రంగి ఒప్పుకోడు. ఒక హోమ్‌స్టేలో ఇలా జరిగిందనుకోండి.

“గోడకి ఆనించి మేకులు దిగ్గొట్టీమంటారా అమ్మా? గట్టిగుంటాది.”

“వద్దు బాబూ, నాలుగు వేళ్ల సందుంచు.”

“ఎనకాల ఎలకలు తిరుగుతాయమ్మా.”

“తిరిగితే కనిపిస్తాయి కదా. ఆనించేస్తే చెదలు పట్టినా కనిపించదు.”

ఆవిడ చెప్పిందే సరైన మాట. చెదలు గోడనుంచి అరలోకి మట్టి దారి కట్టుకుంటూ వస్తాయి. సందు ఉంటే టార్చి వేసి చూడొచ్చు, చీపురుతో దులపొచ్చు. వెనక పలక అసలు బిగించకపోతే మరీ మంచిది. గోడ రంగే అరకు వెనుక తెర అవుతుంది, గది విశాలంగా కనిపిస్తుంది. పడిపోతుందన్న భయముంటే పైన రెండు చోట్ల కర్ర దిమ్మలు పెట్టి గోడకు స్క్రూ వేయండి. సందు అలాగే ఉంటుంది, అరా కదలదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ స్క్రూలు తప్పనిసరి.

అడుగున కూడా ఇదే సూత్రం. నేలకూ మొదటి అరకూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. చీపురు దూరేంత.

3. కర్ర విషయంలో అందానికి పడిపోకండి

కొరియర్లో అట్టపెట్టెలో వచ్చే బిగింపు అరలు చాలావరకు రంపపు పొట్టును జిగురుతో నొక్కి చేసినవి. అవి చెమ్మ పీల్చి ఉబ్బుతాయి, ఉబ్బినచోట స్క్రూ ఊడుతుంది. ప్లైవుడ్ కొంటే నీటికి తట్టుకునే రకం అడగండి. పలకమీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటే అది మెరైన్ ప్లై.

కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ కర్ర మీ చుట్టుపక్కలే దొరకొచ్చు. తేలికైన కర్ర, లేత రంగు, చారలు బాగుంటాయి. కానీ పచ్చి కర్ర కోసి అర చేయిస్తే ఏడాదిలో మెలి తిరుగుతుంది. బాగా ఆరిందో లేదో అడగండి. చెట్టు కొట్టడానికీ కలప రవాణాకీ అనుమతులుంటాయి, అందుకని కాగితాలున్న డిపోలోనే కొనండి.

కొలతలు చెబుతాను, రాసుకోండి. తెలుగు పుస్తకాల్లో ఎక్కువభాగం డెమ్మీ సైజు, అంటే ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు, అయిదున్నర అంగుళాల వెడల్పు. వాటికి 8 అంగుళాల లోతు చాలు. అరకూ అరకూ మధ్య 10 అంగుళాలు ఉంచండి. ఒక్క అర మాత్రం 13 అంగుళాల ఎత్తు పెట్టండి, అట్లాసులూ గైడ్లూ అందులోకి వెళ్తాయి. లోతు ఎక్కువ ఉంటే పని వస్తుందనుకుని అడుగు లోతు చేయించకండి. వెనక ఇంకో వరస పెట్టాలనిపిస్తుంది, పెడతారు, ఆ వెనక వరస మళ్లీ దసరాదాకా వెలుగు చూడదు.

అడుగు పొడవున నిలబెట్టిన పుస్తకాలు 8 నుంచి 10 కిలోలు తూగుతాయి. ముప్పావు అంగుళం పలకైతే రెండున్నర అడుగులకో ఆధారం ఉండాలి. నాలుగడుగుల పలక ఒకే పట్టున వేయిస్తే మధ్యలో కుంగుతుంది. ఆ కుంగుడు వచ్చాక మీరు ఎంత అందంగా సర్దినా కన్ను అక్కడికే పోతుంది.

క్వార్టర్లో ఉన్నారు, గోడలో సిమెంటు అరలో కడప బండల అరలో ముందే ఉన్నాయి, మార్చే వీల్లేదు. ఏం చేయాలి? ఆ బండలు చలికాలం పొద్దున్నే చెమర్చడం మీరు చూసే ఉంటారు. బండమీద పుస్తకం నేరుగా పెట్టకండి. అంగుళం మందం రీపర్లు రెండు పొడవునా పరిచి, వాటిమీద పుస్తకాలు నిలబెట్టండి. వెనక కూడా ఒక రీపరు అడ్డంగా పెడితే పుస్తకం గోడను తాకదు. బదిలీ అయినప్పుడు రీపర్లు మూటకట్టుకుని పట్టుకెళ్లొచ్చు.

4. అన్నీ కిందికి దించండి

ఉన్నచోటనే అటూఇటూ జరిపితే సర్దినట్టు కాదు. ఒక పొడి ఎండ రోజు చూసుకుని మొత్తం దించి అరుగుమీద చాప పరిచి పేర్చండి. కొండ చీపురు మెత్తటి కుచ్చుతో ఒక్కో పుస్తకం పై అంచు దులపండి. ఆ చీపురుకు మించిన పుస్తకాల బ్రష్షు ఏ దుకాణంలోనూ లేదు, సంతలో దొరుకుతుంది. తడిబట్ట మాత్రం ముట్టుకోకండి.

బూజు పట్టినవి వేరుగా పెట్టండి. వాటిని గదిలో దులిపితే ఆ పొడి మిగతావాటిమీద పడుతుంది. బయట గాలివాలున నిలబడి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముందు ఆరబెట్టి తర్వాత దులపండి. ఉదయపు ఎండ గంటసేపు చాలు. మిట్టమధ్యాహ్నం దాకా వదిలేస్తే అట్టలు దోనెల్లా వంగుతాయి.

రామబాణం పురుగు కనిపించిందా? వెండి రంగులో సన్నగా జారిపోతుంది, అదే. దానికి కావలసింది జిగురు, గంజి. మైదా జిగురుతో చేసిన బైండింగు దొరికితే దానికి పండగే. అందుకే పాతకాలం బైండర్లు జిగురులో మైలుతుత్తం కలిపేవారు. మీ బైండరుని అడిగి చూడండి, తెలిసినవాడైతే నవ్వి సరేనంటాడు.

5. వరస ఏ లెక్కన?

రంగుల వారీగా పెట్టాలని మీకు మనసు పీకుతోంది, నాకు తెలుసు. ఒక్క అరలో పెట్టుకోండి. మిగతావి విషయం వారీగా ఉండనివ్వండి. ‘ఆ ఎర్రట్ట పుస్తకం’ అని వెతుక్కోవడం పది పుస్తకాలున్నప్పుడు కుదురుతుంది, రెండొందలున్నప్పుడు కుదరదు.

తెలుగు పుస్తకాల అరకు ప్రత్యేకంగా మూడు చిక్కులున్నాయి. ఇంగ్లీషు అలంకరణ పుస్తకాల్లో వీటి గురించి ఉండదు.

మొదటిది, వీపుమీద పేరు. ఒక ప్రచురణకర్త పైనుంచి కిందికి వేస్తాడు, ఇంకొకరు కిందినుంచి పైకి వేస్తారు. వరస చదవాలంటే మెడ ఇటోసారి అటోసారి వంచాలి. పేర్లన్నీ ఒకే దిక్కుకు చదివేలా సగం పుస్తకాలను తలకిందులుగా నిలబెట్టిన ఇల్లు కూడా ఉంది! అలా చేయకండి. పైనుంచి కిందికి ఉన్నవి ఒక అరలో, కిందినుంచి పైకి ఉన్నవి మరో అరలో పెడితే సరిపోతుంది.

రెండోది, పిన్ను కొట్టిన పుస్తకాలు. మన కవిత్వ సంపుటాలు, కరపత్రాలు, చిన్న కథల పుస్తకాలు సగం వాటికి వీపే ఉండదు. నిలబెడితే పక్కవాటి మధ్య నలిగి మాయమవుతాయి. చెమ్మకు పిన్ను తుప్పుపట్టి కాగితం మీద గోధుమరంగు మరక దిగుతుంది. తుప్పు పిన్నులు జాగ్రత్తగా తీసేసి మధ్యలో తెల్లదారంతో రెండు కుట్లు వేయండి. తర్వాత వీటిని సంతలో కొన్న వెదురు బుట్టలో, అట్ట ముఖం మీవైపు కనిపించేలా, ఒకదాని వెనకొకటి నిలబెట్టండి. బుట్ట అల్లికలోంచి గాలి ఆడుతుంది, వేళ్లతో తిరగేస్తూ వెతుక్కోవచ్చు. అరమీద ఒక బుట్ట ఉంటే చూడ్డానికి కూడా నిలువు గీతల మధ్య కంటికి ఊరట.

మూడోది, సీరియల్ బైండింగులు. అమ్మమ్మో అత్తగారో వారపత్రికల్లోంచి చింపి దాచి కుట్టించిన నవలలు మీ ఇంట్లో కూడా ఉండి ఉంటాయి. బరువెక్కువ, అట్ట వదులు. నిలబెడితే లోపలి కాగితాలు కిందికి జారి కుట్లు తెగుతాయి. వీటిని పడుకోబెట్టండి, మూడు నాలుగుకు మించకుండా. ఆ దొంతర పక్కన నిలబడ్డ పుస్తకాలకు ఆధారంగా కూడా పనికొస్తుంది, ఇత్తడి బుక్‌ఎండ్లు కొనక్కర్లేదు.

6. మూడో వంతు ఖాళీ ఉంచండి

అర కొన్నదే నింపడానికి కదా అంటారు. నిండుగా కుక్కిన వరసలో గాలి ఆడదు, చెమ్మ ఒక అట్టనుంచి మరో అట్టకు పాకుతుంది. పుస్తకం పక్కన వేలు దూరాలి. పుస్తకం తీసేటప్పుడు వీపు పైకొన పట్టి లాగకుండా, అటూఇటూ ఉన్నవాటిని కాస్త లోపలికి నెట్టి నడుము పట్టుకుని తీయగలగాలి. అందుకు చోటు కావాలి. పైగా ఆ ఖాళీలే కంటికి ఇంపు. ఫొటోల్లో మీకు నచ్చినదేమిటో మరోసారి చూడండి. పుస్తకాలకన్నా వాటి మధ్య జాగాయే ఎక్కువ.

మరి మిగిలిన పుస్తకాలు? రెండు రకాలుగా విడదీయండి. మళ్లీ చదివేవి ఉండనివ్వండి. పాత ఏడాది పోటీపరీక్షల గైడ్లు ఉంచుకుని ఏం చేస్తారు? పక్క ఊళ్లో చదువుకునే పిల్లలకు ఇచ్చేయండి, సిలబస్ మారకముందే.

7. అరమీద వస్తువులు: తక్కువ, తెలిసినవి

అరకొక వస్తువు చాలు. ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి పెట్టండి. అంకుడు కర్రతో, గింజలనుంచీ బెరళ్లనుంచీ తీసిన రంగులతో చేసే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుస్తకాల చదునైన వరస పక్కన ఆ గుండ్రని నునుపు చక్కగా అమరుతుంది. బొమ్మ పుస్తకాల ఎత్తుకు సగం ఉంటే సరి. వరస చివర పెట్టండి, ముందు పెట్టకండి. ముందు పెడితే పుస్తకం తీయాలన్నప్పుడల్లా బొమ్మ జరపాలి, పదోసారికి పుస్తకం తీయడమే మానేస్తారు.

కుండీ మొక్క వద్దు. చెమ్మతో ఇంత యుద్ధం చేసి అరలోకి మనమే నీళ్లు పోసుకోవడమెందుకు? మొక్క కిటికీలో ఉండనివ్వండి.

గిన్నెలో కాఫీగింజలు పోసి అరలో పెట్టాలని మీకు అనిపించవచ్చు. వాసన బాగుంటుంది, ఒప్పుకుంటాను. వానాకాలంలో ఆ గింజలూ చెమ్మ పీల్చి బూజు పడతాయి. మూత బిగించిన గాజుసీసాలో పోయండి, లేదా కాఫీగానే తాగేయండి.

ఇంకొక మాట. పూజలో వాడిన వస్తువులు, గ్రామదేవతకు సంబంధించినవి అలంకరణకు తెచ్చి పెట్టకండి. అతిథికి అది ‘ట్రైబల్ థీమ్’, ఎదురింటివాళ్లకు దేవుడు. అలంకరణకు బుట్టలున్నాయి, తట్టలున్నాయి, బొమ్మలున్నాయి.

8. ఒక అర ఈ కొండలకు ఇవ్వండి

మీ ఇంటికొచ్చినవాళ్లు బొర్రా గుహలూ థింసా నాట్యమూ చూసి వస్తారు. కొండల గురించి చదివించగలిగేది మీ అర ఒక్కటే. కళ్లకు సమానమైన ఎత్తులో ఉన్న అరను దీనికి కేటాయించండి. నాలుగైదు పుస్తకాలు చాలు, అట్ట ముఖం కనిపించేలా నిలబెట్టండి.

ఏవి పెట్టాలి? గిడుగు రామమూర్తి అనగానే వ్యావహారిక భాషే గుర్తొస్తుంది. ఆయన సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరలు మాట్లాడే కూబి భాషమీద రాసిన పుస్తకం 1969లో వచ్చింది. కొండరెడ్ల గురించి హైమెండార్ఫ్ ఇంగ్లీషులో రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945 నాటిది. కల్పన కావాలంటే భూషణం రాసిన ‘కొండగాలి’ ఉంది. అల్లూరి సీతారామరాజు మీద, 1922–24 మన్యం పోరాటం మీద మీకు నచ్చినది ఒకటి చేర్చండి. అన్నీ ఒకేసారి దొరకవు, వెతుక్కోవాలి. విశాఖలో పాత పుస్తకాల బండి కనిపిస్తే బస్సు దాటిపోయినా ఆగండి.

వీటికన్నా ముఖ్యమైన పుస్తకం మీ ఇంట్లో ఏ మూలో పడి ఉండొచ్చు. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒడియా వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక పాఠాలు తెలుగు లిపిలో అచ్చువేశారు. పల్చటి వాచకాలు, బొమ్మలతో ఉంటాయి. టీచర్లయితే మీ బీరువా అడుగున చూడండి. దొరికితే వాటిని అడుగు అరలో పిల్లల చేతికందేలా పెట్టండి. తన ఇంట్లో మాట్లాడే మాట అచ్చులో చూసిన పిల్ల రెండో పుస్తకం తనే అడుగుతుంది.

ఇక చాలామంది చేసే పొరపాట్లు కొన్ని. ఇవన్నీ మంచి ఉద్దేశంతో చేసేవే.

అరమీద పాత న్యూస్‌పేపరు పరవడం. పేపరు చెమ్మ పీల్చి పట్టి ఉంచుతుంది, దాని కింద రామబాణాలు కాపురం పెడతాయి. పలక ఒట్టిగానే ఉండనివ్వండి.

పుస్తకాలకు పాలిథిన్ అట్టలు వేయడం. బయటి చెమ్మ లోపలికి రాదనుకుంటాం, లోపలిది బయటికి పోదు.

ఇనప బీరువాలో పెట్టి తాళం వేయడం. దాచినట్టే ఉంటుంది, తలుపు తీసినప్పుడు ముక్కుకే తెలుస్తుంది. బీరువాయే దిక్కయితే, వాన లేని రోజు చూసి వారానికోసారి రెండు తలుపులూ బార్లా తీసి గంటసేపు ఫ్యాను తిప్పండి.

నాఫ్తలీన్ ఉండలు గుప్పెడేసి చల్లడం. పడుకునే గదిలో ఆ ఘాటు మీకూ మంచిది కాదు. బాగా ఎండిన వేపాకు గుడ్డమూటల్లో కట్టి అరకొకటి పెట్టండి, మూడు నెలలకోసారి మార్చండి. ఆకు పచ్చిగా ఉంటే మాత్రం దాని చెమ్మే పుస్తకానికి పడుతుంది.

మంచు పడే ఉదయాన ‘గాలి ఆడాలి’ అని కిటికీలు తెరిచేయడం. ఆ గాలి నిండా నీళ్లే. ఎండ పొడిచి మంచు విడిపోయాక తెరవండి, నాలుగింటికల్లా మూసేయండి. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది. ముల్లు 65 శాతం దాటి రోజుల తరబడి అక్కడే ఉంటే బూజుకు దారి దొరికినట్టే. వానాకాలం అది దాటడం ఖాయం కాబట్టి, ఆ రోజుల్లో ఫ్యానే మీకు దిక్కు.

దీపం సంగతి రెండు మాటల్లో: నేరుగా పడే ఎండ వద్దు, పసుపు వెలుగు ఎల్‌ఈడీ ఒకటి పక్కనుంచి పడితే చాలు.

ఇంత పని ఏడాదికెన్నిసార్లు? ఒకసారి. దసరాల్లో మూలా నక్షత్రం నాడు సరస్వతి పూజకు ఎలాగూ నాలుగు పుస్తకాలు దించుతారు. ఆ రోజుల్లోనే అన్నీ దించేయండి. కొండల్లో వాన తగ్గి ఎండ కాయడం మొదలయ్యేది కూడా దాదాపు అప్పుడే. బూజు కొత్తగా పట్టి ఉంటుంది, తేలిగ్గా దులిపితే పోతుంది. సంక్రాంతిదాకా ఆగితే మంచుతో కలిసి మరక దిగిపోతుంది.

చివరగా, అర బాగా కుదిరితే కొత్త సమస్య ఒకటి వస్తుంది. చూసినవాళ్లు పుస్తకాలు అడుగుతారు. ఇవ్వండి, కానీ ఇచ్చిన పుస్తకం చోట ఒక అట్టముక్క నిలబెట్టి దానిమీద తీసుకున్నవారి పేరు, తేదీ, ఫోను నంబరు రాయించుకోండి. హోమ్‌స్టే అతిథులైతే చదివి వెళ్లేటప్పుడు అట్టముక్క తీసి మీ చేతికివ్వాలి. రెండు నెలలైనా పుస్తకం తిరిగి రాకపోతే ఫోన్ చేయండి. మొహమాటపడకండి, పుస్తకం తీసుకెళ్లినవాళ్లు అడిగితే ఇస్తారు, అడక్కపోతే మరిచిపోతారు.